తలుపు తీసినవాడు



కొంతకాలము క్రిందట ఒక తల్లి నా యొద్దకు వచ్చి, కళాశాలలో చదువుచున్న తన కుమారుని గూర్చి మొరపెట్టుకొనెను. "అయ్యగారూ, వాడు చదువు పుస్తకములన్నియు లోకము పాడైపోవు కథలే. పట్టణములు మునిగిపోవుట, యంత్రములు మనుష్యులను ఏలుట, ప్రతి గోడకును ఒక కన్నుండుట! రాత్రి నిద్ర పట్టుట లేదని వాడే చెప్పును, మరల అవే చదువును. మీరు ఒక మాట చెప్పి మాన్పించవలెను" అనెను. మాన్పించెదనని నేను వెంటనే మాట ఇయ్యలేదు. అట్టి పుస్తకములను నేనును చదువుదునని ఆమెతో చెప్పుటకు కొంచెము సిగ్గుపడితిని గాని, చెప్పితిని.

ఆమె వేసినది న్యాయమైన ప్రశ్నయే. ఇట్టి కథలకు ఆంగ్లములో డిస్టోపియా అని పేరు. అందరును సుఖముగా నుండు రాజ్యమును ఊహించి వ్రాసినది యుటోపియా. దానిని తలక్రిందులు చేసినది డిస్టోపియా. లోకములో నిజమైన దుఃఖము కావలసినంత యుండగా, లేని దుఃఖమును కల్పించుకొని చదువుట యెందుకు? భయపడుటలో కూడ ఒక విధమైన సుఖము కలదు. ఆ సుఖము కొరకే చదువువారికి ఈ పుస్తకములు మేలు చేయవు. అయితే ఈ జాతి పుస్తకములలో మేలైనవి చేయు పని వేరు. పాడైన లోకమును చూపుట వాని ముఖ్యమైన పని కాదు. అది పాడగుటకు ముందు ఎవరు, ఏ దినమున, ఏ లాభము కొరకు, ఎంత చిన్న నిర్ణయము చేసిరో చూపుటయే వాని పని. ఈ మాటకు సాక్ష్యముగా ఒక పుస్తకమును మీ యెదుట పెట్టెదను.

దాని పేరు "సాలమాండర్లతో యుద్ధము". వ్రాసినవాడు కారెల్ చాపెక్ అను చెక్ రచయిత. 1920లో ప్రచురింపబడిన "ఆర్.యు.ఆర్." అను నాటకము ద్వారా రోబో అను మాటను లోకమునకు అందించినవాడు ఈయనయే, అయితే ఆ మాటను తనకు సూచించినది తన అన్న జోసెఫ్ అని ఈయన నిజాయితీగా ఒప్పుకొనెను. సాలమాండర్ల కథ మొదట ఒక వార్తాపత్రికలో భాగములుగా వెలువడి, 1936లో పుస్తకమయ్యెను.

కథ ఇది. సుమత్రా దగ్గరనున్న తానా మాసా అను దీవికి వాన్ టోక్ అను ముసలి ఓడ కెప్టెన్ ముత్యములను వెదకుచు వచ్చును. అక్కడ ఒక అఖాతమును చూచి ఆ చుట్టుపట్లవారు దయ్యముల చోటని భయపడుచుందురు. అందులో నున్నవి దయ్యములు కావు, నీటి జంతువులు. చూపునకు పెద్ద బల్లుల వలె నుండి, రెండు కాళ్లపై నిలువగలవు, చేతులతో పని చేయగలవు. సొరచేపలు తినివేయుచుండుటచే వాని సంఖ్య పెరుగకుండెను. వానిని చూచి కెప్టెన్‌కు జాలి కలిగెను. సొరచేపలతో పోరాడుటకు వానికి కత్తులిచ్చెను. అవి ఆయనకు ముత్యపు చిప్పలు తెచ్చి యిచ్చెను. లోకనాశనమునకు మొదటి అడుగు ఇదియే. ఇందులో లాభాపేక్ష లేకపోలేదు గాని, దానికంటె దయయే ఎక్కువ. రచయిత ఈ సంగతిని ఊరక పెట్టలేదు. కీడు ఎప్పుడును కీడుగానే బయలుదేరునని మనము అనుకొనకుండునట్లు పెట్టెను.

కెప్టెన్ ప్రాగ్ పట్టణమునకు వచ్చి, బోండీ అను గొప్ప వ్యాపారస్థుని ఇంటికి పోవును. ఓడలు కావలెను, వానికి ధనము కావలెను. ఆ ఇంటి తలుపు దగ్గర పోవోండ్రా అను సేవకుడు నిలిచియుండును. వచ్చిన మనిషి వాలకము చూచి, ఇతనిని లోపలికి పంపుదునా, పొమ్మందునా అని అతడు ఒక్క క్షణము ఆలోచించును. తరువాత తలుపు తీయును. ఈ సేవకుని మరువకుడి. చివరకు మరల ఇతని యొద్దకే రావలసియున్నది.

బోండీ ధనమిచ్చెను. సాలమాండర్లు దీవి దీవికి చేర్చబడి, సొరచేపల భయము తప్పుటచే లక్షలుగా పెరిగెను. కొంతకాలమునకు ముత్యములు విస్తారమై వెల పడిపోయెను. కెప్టెనును చనిపోయెను. అప్పుడు కంపెనీ వాటాదారుల సభ జరుగును. పుస్తకమంతటిలో నాకు మిక్కిలి భయము కలిగించినది యుద్ధఘట్టము కాదు, ఈ సభయే. అక్కడ ఎవడును కేకలు వేయడు, ఎవడును దుర్మార్గుడు కాడు. ముత్యముల వ్యాపారము గిట్టుబాటు కాదు గనుక, సాలమాండర్లనే కూలి పనికి అమ్మవలెనని తీర్మానము జరుగును. సముద్రములో గట్టులు కట్టుటకు, రేవులు త్రవ్వుటకు ఇంత చౌకయైన కూలి మరెక్కడ దొరకును? లెక్కలు సరిగానే యున్నవి, తీర్మానము సక్రమముగానే నెగ్గినది. ఇట్టి సభలలో మీరును కూర్చుండియుందురు, నేనును కూర్చుంటిని. అందుకే భయము.

అటు తరువాత సాలమాండర్లను పశువుల సంతలో వలె తరగతులుగా విభజించి, తరగతికొక ధర కట్టి అమ్ముదురు. ప్రతి దేశమునకును అవి కావలసివచ్చెను. ప్రక్క దేశము తన సాలమాండర్లకు ఆయుధములిచ్చినదని విని, ఈ దేశము తన తీరమును కాపాడుకొనుటకు తన సాలమాండర్లకు ఆయుధములిచ్చెను. అవి చదువు నేర్చెను, లోహపు పని నేర్చెను, మనుష్యుల కంటె అనేక రెట్లు పెరిగెను. అవి బ్రదుకుటకు లోతులేని తీరము కావలెను. ఉన్న తీరము చాలదు. కాబట్టి భూమిని పగులగొట్టి సముద్రములో కలుపుకొనుట మొదలు పెట్టెను. మొదట అమెరికాలోని లూసియానా తీరము కూలెను. అప్పుడు సాలమాండర్ల నాయకుడు రేడియోలో మాటలాడెను. అతని మాటల సారాంశమిది: మమ్మును కోరినది మీరే, లోకమంతట వ్యాపింపజేసినది మీరే, ఇప్పుడు మాకు చోటు కావలెను, ఆ పనికి కావలసిన సామగ్రిని మీరే అమ్ముడు. వింత యేమనగా, మనుష్యులు అమ్మిరి. ఐరోపాలో కొంత భాగము నీటి పాలైన తరువాత కూడ కర్మాగారములు వానికి ప్రేలుడు పదార్థములు పంపుచునే యుండెను, బ్యాంకులు అప్పులిచ్చుచునే యుండెను. ఒక కంపెనీ మానినచో మరియొకటి ఆ బేరమును తన్నుకొనిపోవును గదా!

మధ్యలో ఒక అజ్ఞాత రచయిత కరపత్రము వేసి, సాలమాండర్లకు ఆయుధములును ఆహారమును అమ్ముట మానుడని లోకమును హెచ్చరించును. కరపత్రము జనులకు చేరెను గాని బేరములు ఆగలేదు.

చివరకు రాజ్యములన్నియు కూడి సాలమాండర్లతో సంధి మాటలాడుటకు వాడుట్స్ అను పట్టణమున సభ చేయును. అది సముద్రతీరము లేని లీక్టెన్‌స్టయిన్ అను చిన్న రాజ్యము యొక్క ముఖ్యపట్టణము. నీరు చేరని చోటు గనుక దానిని ఎన్నుకొనిరి. అక్కడ పెద్ద రాజ్యములు తమ తీరములను కాపాడుకొనుటకు, చీనా దేశపు భూములను సాలమాండర్లకు ఇచ్చివేయుటను గూర్చి ఆలోచించును. చీనా ప్రతినిధి లేచి దీర్ఘముగా మాటలాడును; అతని భాష అక్కడ ఎవరికిని తెలియదు.

ఇది హాస్యమని నవ్వి ఊరకుండుటకు చరిత్ర మనలను ఒప్పదు. పుస్తకము వచ్చిన రెండు సంవత్సరములకు, 1938 సెప్టెంబరు నెలాఖరున, మ్యూనిక్ పట్టణములో జర్మనీ, ఇటలీ, బ్రిటన్, ఫ్రాన్సు దేశముల అధినేతలు కూడి, చాపెక్ స్వదేశమైన చెకొస్లొవేకియా సరిహద్దు ప్రాంతమును హిట్లరునకు ఇచ్చివేసిరి. ఆ బల్ల దగ్గర చెకొస్లొవేకియాకు కుర్చీ వేయలేదు. ఇందువలన తమ దినములలో సమాధానము నిలుచునని ఇచ్చినవారు నమ్మిరి. ఆ సంవత్సరము డిసెంబరు 25వ తేదీన చాపెక్ తన 48వ యేట చనిపోయెను. 1939 మార్చిలో జర్మను సైన్యము ప్రాగ్‌లో ప్రవేశించెను. అన్న జోసెఫ్ 1945లో జర్మనీలోని బెర్గెన్-బెల్సెన్ నిర్బంధ శిబిరములో మరణించెను. మ్యూనిక్‌లో కొనిన సమాధానము ఒక సంవత్సరము కూడ నిలువలేదు.

"తమ దినములలో" అను మాట దగ్గర మన పత్రిక చదువరులకు హిజ్కియా రాజు జ్ఞాపకము రాకపోడు. బబులోను దూతలకు అతడు తన ధనాగారమంతయు చూపెను. అదంతయు దోచుకొని పోబడుననియు, తన సంతానము ఆ దేశపు రాజనగరులో సేవ చేయుననియు ప్రవక్త చెప్పినప్పుడు, తన కాలములో మాత్రము క్షేమముండును గదా యని తృప్తిపడెను. అతడు దుష్టుడైన రాజు కాడు. యూదా మంచి రాజులలో ఒకడు. అయినను అతని చూపు అతని ఆయుష్షు ముగియు చోటనే ఆగిపోయెను. చాపెక్ కథలో ప్రతి మనుష్యుని చూపును అట్లే ఎక్కడనో ఒకచోట ఆగును: కెప్టెన్ చూపు తన ముద్దు జంతువుల వద్ద, బోండీ చూపు ఆ సంవత్సరపు లాభము వద్ద, రాజ్యముల చూపు ప్రక్క రాజ్యపు తీరము వద్ద. భూఖండములను ముంచవలెనని ఓటు వేసినవాడు పుస్తకమంతటిలో ఒక్కడును లేడు.

ఇంకొక సంగతి. సాలమాండర్లకు చాపెక్ పెట్టిన శాస్త్రనామము కల్పితము కాదు. 1726లో షాయ్‌క్సర్ అను స్విట్జర్లాండు వైద్యుడు ఒక శిలాజమును చూచి, అది నోవహు కాలపు జలప్రళయములో మునిగిన మనుష్యుని ఎముకలని ప్రకటించెను. తరువాత కువియే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు అది ఒక పెద్ద సాలమాండర్ ఎముకలని తేల్చెను. షాయ్‌క్సర్ పొరబాటును మన కాలమువారు నవ్వుకొందురు. చాపెక్ ఆ నవ్వును త్రిప్పి మన మీదకే తెచ్చెను. ఒకప్పుడు ప్రళయమునకు సాక్షియని పొరబడిన ఆ జంతువునకు ఆయన మరియొక ప్రళయమును అప్పగించెను. ఈ ప్రళయమును దేవుడు పంపలేదు, మనుష్యులు వాయిదాల మీద కొనుక్కొనిరి.

ఇప్పుడు ఈ పుస్తకమును దాని జాతిలోని ఇతర పుస్తకముల ప్రక్కన పెట్టి చూతము. జార్జి ఆర్వెల్ 1949లో ప్రచురించిన "1984" అందరును ఎరిగినదే. అసత్యము ఒక రాజ్యమును ఎట్లు నడుపునో దానికంటె బాగుగా చెప్పిన నవల లేదు. అయితే ఆ కథ మొదలగునప్పటికే తలుపులన్నియు మూయబడియుండును. చదువరి బాధితుని ప్రక్కన నిలుచును. నేరము అంతయు పైనున్నవారిది. పుస్తకము మూసి, మన దేశములో అంతటి నియంత లేడు గదా యని అతడు నిద్రపోవచ్చును. రే బ్రాడ్‌బరీ 1953లో ప్రచురించిన "ఫారెన్‌హీట్ 451" ఆ నిద్రను కొంత చెరుపును. పుస్తకములు తగులబెట్టుటయే ఉద్యోగముగా గల ఒక అధికారి అందులో చరిత్ర చెప్పును: ఇది ప్రభుత్వపు ఆజ్ఞతో మొదలు కాలేదట. జనులు తామే పొట్టి చదువులను, త్వరితమైన వినోదమును కోరి, ఎవరి మనస్సును నొప్పించని మాటలు మాత్రమే కావలెననిరట. అగ్ని తరువాత వచ్చెనట. ఈ.ఎం. ఫార్‌స్టర్ 1909లో వ్రాసిన "యంత్రము ఆగును" అను కథలో జనులు భూమి క్రింద గదులలో నుండి, సమస్తమును ఒక మహాయంత్రము చేత పొందుచుందురు. యంత్రము చెడుట మొదలిడగా సంగీతములో అపశ్రుతి వచ్చును, స్నానపు నీరు కంపు కొట్టును. మొదట గొణుగుదురు, తరువాత అలవాటు పడుదురు. అలవాటు పడుట కూడ ఒక నిర్ణయమేయని, దానిని ఎవరును పుస్తకములో నమోదు చేయరని ఫార్‌స్టర్ ఎరుగును.

ఈ మూడింటికంటె చాపెక్ పుస్తకము అంత చక్కగా కట్టబడినది కాదు. ఇది దాచవలసిన పని లేదు. మధ్యభాగములో వార్తాపత్రికల ముక్కలు, శాస్త్రజ్ఞుల నివేదికలు, సభల తీర్మానములు గుట్టగా పడియుండును. కొన్ని పుటలలో కథ కదలనే కదలదు. మనస్సును పట్టు మనుష్యుడు ఒకరిద్దరు తప్ప లేడు. హాస్యము ప్రతి దేశము మీదను ప్రతి వృత్తి మీదను పడుట వలన, కొన్నిచోట్ల ఎవరి మీదను గట్టిగా పడదు. అయినను ఆ కాగితముల గుట్టయే దీని బలమని రెండవసారి చదివినప్పుడు నాకు తెలిసినది. సమాజము తన నిర్ణయములను చేయునది కాగితముల మీదనే. ఏ ముక్కకు ఆ ముక్క తెలివైనది, అన్నియు కలిపి చదివినవాడే లేడు.

కథలో సాలమాండర్లున్నవి గనుక ఇది కట్టుకథయని త్రోసివేయవచ్చునా? సాలమాండర్లు లేకుండనే జరిగిన ఒక సంగతి చెప్పెదను. కెనడా తూర్పు తీరమున న్యూఫౌండ్లాండ్ సమీపమున గ్రాండ్ బ్యాంక్స్ అను సముద్రభాగము కలదు. సుమారు 500 సంవత్సరములు ఐరోపా దేశములు అక్కడి కాడ్ చేపలతో బ్రదికెను. 1950 తరువాత, పట్టిన చేపను ఓడలోనే కోసి గడ్డకట్టించు పెద్ద ఓడలు అనేక దేశముల నుండి వచ్చెను. 1968లో ఉత్తర కాడ్ చేపలను సుమారు 8 లక్షల టన్నులు పట్టిరి. 1977లో కెనడా తీరము నుండి 200 మైళ్ల సముద్రమును తనదిగా చేసికొని విదేశీ ఓడలను వెళ్లగొట్టెను. అందరును సంతోషించిరి. అంతట ఆ దేశము తన సొంత ఓడలను పెంచెను. చేపలు తగ్గుచున్నవని తీరపు చిన్న జాలరులు చెప్పిరి. శాస్త్రజ్ఞుల లెక్కలు ఆలస్యముగా ఆ మాటను ఒప్పుకొనెను. అయినను ప్రతి సంవత్సరము పరిమితిని తగ్గించుట కష్టమయ్యెను, ఏలయనగా తగ్గించినచో ఆ సంవత్సరమే కర్మాగారములు మూయవలెను, ఆ సంవత్సరమే కూలివాండ్రు వీధిలో పడుదురు. 1992 జూలై 2వ తేదీన వేట పూర్తిగా నిషేధింపబడెను. సుమారు 30,000 మంది ఒక్క దినమున పనిలేనివారైరి. రెండు సంవత్సరములకని పెట్టిన ఆ నిషేధము 32 సంవత్సరములు నిలిచెను. 2024లో దానిని ఎత్తివేసినప్పుడు ఆ సంవత్సరమునకు అనుమతించినది 18,000 టన్నులు మాత్రమే.

నిషేధమునకు ముందటి దినమున మంత్రి జాన్ క్రాస్బీ కోపముతో నున్న జాలరుల యెదుట నిలిచి, నీటిలో నుండి చేపలను తీసినవాడను నేను కానని చెప్పెను. ఆ మాట నిజమే. ఆయన వల పట్టలేదు. జాలరియు తన వంతు పరిమితిలోనే పట్టితిననును. కర్మాగారపు యజమాని వచ్చిన చేపనే కొంటిననును. కొనినవాడు అంగడిలో చౌకగా దొరికినది గనుక తింటిననును. అందరి మాటలును నిజములే, సముద్రము మాత్రము ఖాళీ.

దూరదేశపు సంగతి చెప్పి ఊరకుండుట న్యాయము కాదు. చాలా సంవత్సరముల క్రిందట, నేను పనిచేయుచున్న ఒక ఊరిలో మా ఆవరణలో పాత దిగుడు బావి యుండెను. బోరు వేయించిన తరువాత ఆ బావి ఎవరికిని అక్కరలేకపోయెను. అందులో రాళ్లురప్పలు పోసి పూడ్చి, పైన షెడ్డు వేయవలెనని కమిటీలో మాట వచ్చెను. పిల్లలు పడుదురేమో అను భయము నిజమైనదే. చోటు కావలసినదియు నిజమే. వాననీరు ఇంకుటకు ఆ బావి ఒక్కటియే దారియని ఒక ముసలి పెద్ద గొణిగెను. మేము అతని మాటను మినిట్సులో కూడ వ్రాయలేదు. చేయి ఎత్తినవారిలో నేనొకడను. నాలుగైదు వేసవులకు బోరు ఎండెను. మరింత లోతుగా రెండవ బోరు వేయించితిమి, నీళ్లు పడెను, స్తోత్రము చెప్పుకొంటిమి. ఆ తరువాతి వేసవిలో ప్రక్క వీధివారి చేతిపంపు గాలి కొట్టుట మొదలిడెను. 2002లో మన రాష్ట్రమున నీరు, భూమి, చెట్ల సంరక్షణకు "వాల్టా" చట్టము వచ్చినప్పుడు, ఇష్టము వచ్చినట్లు బోర్లు వేయరాదను సంగతి చదివి నేను తల వంచుకొంటిని. చట్టము చెప్పినదానిని ఆ ముసలి పెద్ద అంతకు ముందే చెప్పియుండెను గదా.

ఇక పోవోండ్రా యొద్దకు వచ్చెదను. కెప్టెన్‌ను లోపలికి పంపిన ఆ సేవకుడు జీవితమంతయు ఆ సంగతిని గొప్పగా చెప్పుకొనును. సాలమాండర్లను గూర్చి వార్తాపత్రికలలో వచ్చిన ప్రతి వార్తను కత్తిరించి దాచును. ముసలివాడైన తరువాత ఒక దినమున తన కుమారునితో నదిలో చేపలు పట్టుచుండగా, ప్రాగ్ పట్టణపు నడుమ, సముద్రమునకు అంత దూరమున, నీటిలో నల్లని తల ఒకటి కనబడును. అది సాలమాండర్. అప్పుడు అతడు క్రుంగిపోయి, ఆ దినము నేను తలుపు తీయకుండవలసినది, ఇదంతయు నా వలననే జరిగినదని ఏడ్చును. కుమారుడు ఓదార్చును గాని అతడు ఓదార్పు పొందడు.

మంత్రి నేను కాననెను, సేవకుడు నేనే అనెను. ఇద్దరిలో సేవకుడే నాకు ప్రియమైనవాడు. అయినను అతని తీర్పును నేను పూర్తిగా ఒప్పుకొనజాలను. తలుపు తీయుట అతని తప్పు కాదు. వచ్చినవానిని లోపలికి పంపుట సేవకుని పని. అంతటి ప్రళయము ఆ టోపీ క్రింద నున్నదని ఏ నరుడు ఎరుగును? అతని తప్పు వేరొకచోట నున్నది. ఇన్ని సంవత్సరములు ప్రతి వార్తను కత్తిరించి దాచెను గదా! సాలమాండర్ల సంఖ్య, వాని ఆయుధములు, వాని తీరములు, అన్నియు అతని సొరుగులో నుండెను. లోకములో ఎవరి యొద్దను లేనంత సాక్ష్యము ఒక సేవకుని ఇంటిలో నుండెను. అతడు దానిని తన గొప్పకు గుర్తుగా చూచుకొనెను గాని, హెచ్చరికగా ఒక్కసారియు చదువలేదు. తెలియక తలుపు తీసినందుకు ఏడ్చెను. తెలిసిన తరువాత ఊరకున్నందుకు ఏడ్వలేదు.

అందరును దోషులే అని చాపెక్ తన చివరి అధ్యాయములో తనతో తాను వాదించుకొనుచు చెప్పును. ఆ మాటలో ఒక ప్రమాదము కలదు. అందరిదియు అయిన తప్పు తరుచుగా ఎవరిదియు కాకుండ పోవును. కాబట్టి పోవోండ్రాను చూచి మనము నేర్చుకొనవలసినది లోకభారమంతయు నెత్తిన పెట్టుకొనుట కాదు. మన చేయి ఏ కాగితము మీద సంతకము చేసినదో, ఏ సభలో పైకి లేచినదో, ఆ ఒక్కదానిని గుర్తించుట. మన సొరుగులో ఇప్పటికే ఏ సాక్ష్యమున్నదో దానిని తీసి చదువుట. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొనవలెనని మన పెద్దలు అనిరి. దీపము లేనివాడు చీకటిలో తడుముకొనినచో అది దౌర్భాగ్యము. దీపము వెలుగుచుండగా చక్కబెట్టుకొననివాని గూర్చి ఏమందుము?

ఆ తల్లికి నేను చివరకు చెప్పిన జవాబు ఇది. "అమ్మా, వానిని చదువనిమ్ము. అయితే ఒక పుస్తకము ముగించిన తరువాత మరియొకటి వెంటనే పట్టుకొననియ్యకుము. ఈ కథలో ఏ పుట వరకు వెనుకకు మరలుటకు వీలుండెనని వానిని అడుగుము. ఆ పుటలో ఎవరు ఏమి చేసియుండవలసినదని అడుగుము. అది చెప్పలేకపోయినచో వాడు భయమును మాత్రము తినుచున్నాడు, అప్పుడు మాన్పింపుము. చెప్పగలిగినచో వానికి నీవు భయపడ నక్కరలేదు."

కొన్ని వారములకు ఆమె మరల కనబడెను. కుమారుడు జవాబు చెప్పెనట. చెప్పి, తల్లిని ఎదురు ప్రశ్న వేసెనట: మన వీధి చివరనున్న చెరువులో ప్లాట్లు వేయుచున్నారు, నాన్న అందులో ఒకటి కొనుటకు బయానా ఇచ్చినాడు, ఇది ఏ పుట అమ్మా? ఆమె నన్ను ఏమి చెప్పమందురని అడిగెను. ఈసారి నా యొద్ద సిద్ధముగా జవాబు లేదు. నేను ఆమెతో కూడ వారి ఇంటికి నడిచి వెళ్లితిని. తండ్రి ఇంటిలోనే యుండెను. బయానా కాగితము బల్ల మీద నుండెను. మేము నలుగురము కూర్చుంటిమి.